తిరగలి ఆగని సంత

కెటెల్ కూతురు వుల్వివాను ఏవిస్ మొదటిసారి చూసినప్పుడు, ఆ మహాతల్లి చెస్టర్ అంగడి నడుమ పేడ పీట మీద ఆసీనురాలై ఉంది. పాడైన బీరు అమ్మినవారికి ఆ ఊరేలే దొరగారు శిక్షగా ఇచ్చే సింహాసనం అదే. భర్త వెంట ఊరికి కొత్తగా వచ్చిన ఏవిస్, చూడకూడనిది చూసినట్టు తల తిప్పుకోబోయింది.

“ఏం పిల్లా, సిగ్గా? కూర్చున్నది నేను కదే!” అంది వుల్వివా. “గాలివాటున కాదు, ఇటు నిలబడు. ఎండెక్కితే పేడ తన పని తను చేస్తుంది.”

తప్పు తనది కాదు, పిండిమరదేనని ఆమె వాదన. ఊళ్లో ఎవరి గింజలనైనా డీ నది ఒడ్డున ఉన్న దొరగారి నీటిమరలోనే పట్టించాలి; ఇంట్లో తిరగలి కనబడితే పగలగొట్టేస్తారు. ఆ మరలో, ఆమె శ్రద్ధగా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలో ఎవరిదో బూజు బార్లీ కలిసిపోయింది. పీట దిగి, ఏట్లో మునిగి లేచిన నాడే వుల్వివా తన తల్లి నాటి తిరగలిని తెచ్చి కోళ్ల గంప కింద దాచుకుంది. పక్కింట్లో దిగిన ఏవిస్ చేతికి దాని పిడి అందడానికి నెల కూడా పట్టలేదు. విసిరేటప్పుడు పాడలేని పిల్లను ఆమె ఏనాడూ క్షమించలేదు. అయినా రొట్టె మీద వెన్న మందంగా రాసేది ఆ పిల్లకే.

నాలుగేళ్లు కోళ్లు రహస్యాన్ని కాపాడాయి. ఐదో ఏడు నడివేసవి సంత వచ్చింది. సంత గుర్తుగా చర్చి గోడకు కట్టే చేతి తొడుగు వేలాడినన్నాళ్లూ, పాత నేరాలున్న వారిని పట్టుకోరాదని కట్టుబాటు. ఆ మూడు రోజులూ ఊళ్లో దొంగలంతటి మర్యాదస్థులు మరొకరు కనబడరు. సంత గంటలు మోగగానే, తొడుగు ఎక్కిందనుకున్న వుల్వివా తిరగలిని వీధి గుమ్మంలోకి లాగి, దర్జాగా విసరసాగింది.

నీటిమర కాపలాదారైన హామో, పొట్ట ముందూ తాను వెనకా వచ్చాడు.

“దొరికావే ముసలీ! తొడుగు కాచేది పాత నేరాల్నే. ఇది తాజాది. రాయి ఇలా తే.”

వుల్వివా ముఖం పాలిపోయింది. రాయి పోతే బీరు లేదు. బీరు లేకపోతే ఆమెకు కూడు లేదు. చేయి మాత్రం ఆగలేదు.

“తొడుగు ఎప్పుడు కట్టార్రా?”

“గంటలు మోగాక. నిచ్చెన విరిగి ఆలస్యమైంది.”

“నేను గంటలతోనే మొదలెట్టా. వీధంతా సాక్ష్యం, అడుగు! తొడుగెక్కే ముందే చేశా గనక ఇది పాత నేరమేరా నాయనా.”

జనం గొల్లుమన్నారు. హామో తిరగలి మీదికి వేలు చూపాడు.

“అయితే ఆపి మళ్లీ తిప్పావో, అది కొత్త నేరం! ఆగేదాకా ఇక్కడే కూచుంటా.”

“కూచో. బీరు పొయ్యమంటావా?”

మూడు రోజులూ తిరగలి తిరుగుతూనే ఉంది. ఒకరు పిడి వదలకముందే మరొకరు అందుకునేవారు. బార్లీ అయ్యాక బఠానీలు, అవీ అయ్యాక ఉత్త రాయి. హామో ఆమె బీరే తాగుతూ, ఆమెనే తిడుతూ కాపలా కాశాడు.

మూడోనాడు పొద్దు వాలసాగింది. “తొడుగు దింపగానే పాతా లేదు, కొత్తా లేదు,” అంది వుల్వివా. ఆ గొంతు వణకడం ఏవిస్ ఎన్నడూ వినలేదు. “ఈ రాయి తప్ప నాకెవరున్నారే?”

ఏవిస్ పిడి ఆమెకిచ్చి, సంతలోకి పరుగెత్తి, ఉన్ని అమ్మడానికి వచ్చిన వేల్స్ వాడైన ఇథెల్‌ను బండితో సహా తెచ్చింది. నలుగురు మగవాళ్లు తిరగలిని చెక్కపలక మీద బండికి మోశారు. వుల్వివా పక్కనే నడుస్తూ తిప్పుతూనే బండెక్కింది; వెనకే ఏవిస్ కూడా. “ఆగిందా? ఆగిందా?” అంటూ హామో వెంటపడ్డాడు.

“బండిలో ఏముంది?” అని వంతెన ద్వారపాలకుడు కేకేశాడు.

“పాత నేరం!” అన్నాడు ఇథెల్.

“దానికి సుంకం లేదు. పదండి.”

వంతెన నడుమ హామో కూలబడ్డాడు. మూడు రోజుల బీరు తన యజమానురాలి పక్షానే నిలిచింది. దొరగారి మాట చెల్లని వేల్స్ హద్దు దగ్గరే, పొద్దింకా ఉంది. వంతెన చివర ఏవిస్ బండి దిగింది. ఇంటి దగ్గర భర్త ఉన్నాడు, ఇంతకు మించి పోలేదు. బండి చట్రం పట్టుకుని నిలబడింది.

“ఏడవకే. కౌగిలించుకుందామంటే చేతులు ఖాళీ లేవు,” అంది వుల్వివా, పిడి తిప్పుతూనే. “పిండి పడి ముక్కు దురద పెట్టి చంపుతోంది. బండి కదిలేలోగా కాస్త గోకి వెళ్లు, తల్లీ.”