అనుభవం గడిలో నేను రాసింది

మా మావయ్య చోడవరంలో ఒక డాక్టరుగారి దగ్గర ఇరవై ఏళ్లు కాంపౌండరు. డాక్టరుగారు చీటీ రాస్తే మందు కలిపి సీసాలో పోసి, ఎన్ని మోతాదులో తెలిసేలా పక్కన కాగితం గళ్లు కత్తిరించి అంటించేవాడు. అంతకుమించి వైద్యం చెయ్యలేదు. ఎవరైనా బతిమాలినా చేసేవాడు కాదు.

డెబ్బైల మొదట్లో, పేరు రిజిస్టరు కానివాళ్లు ఇక మందులు కలపకూడదన్నారు. చదువు లేకపోయినా, డాక్టరు కింద పనిచేసిన అనుభవం ఉంటే గడువులోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మావయ్యకి మందుల పేర్లు తప్ప ఇంగ్లీషు రాదు. నేనప్పటికి డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్నాను. ఊళ్లో సగం అర్జీలు నాచేతే రాయించేవారు. పిల్లకాలవ దాటిన మేక కూడా నా రాతలో గోదావరి ఈదేసేది.

డాక్టరుగారిచ్చిన సర్టిఫికెట్టులో ఉన్నది ఒకటే వాక్యం: నా ఎదుట ఇరవై ఏళ్లుగా మందులు కలుపుతున్నాడు, నమ్మకస్థుడు.

“ఇదేటి మావా, ఇంత సప్పగుంది? ఇది సూసి నిన్నెవుడు రిజిస్టరు సేస్తాడు?”

“ఉన్నదే రాసేరు కదరా.”

“ఉన్నది రాస్తే పనులవుతాయేటి? నువ్వు సంతకం పెట్టు. మిగతాది నాకొదిలెయ్.”

“పెడతన్నాను. నన్ను దేవుణ్ణి సేసీకు,” అని నవ్వి సంతకం పెట్టాడు. గడువుకింకా వారం ఉంది.

అనుభవం అనే గడి నాకు చాలక ఇంకో కాగితం అతికించాను. డాక్టరుగారు ఊళ్లో లేనప్పుడు వడ్డాది నుంచి బండిలో వచ్చిన మనిషికి ఈయనే సూదిమందు వేసి బతికించాడని రాశాను. కె.కోటపాడులో కవలల పురుడు పోశాడని, విరిగిన కాళ్లకి కట్లు కట్టాడని రాశాను. పోస్టు చేసి వస్తూ ఈల వేసుకున్నాను కూడా.

రెండు నెలలకి జవాబొచ్చింది. డాక్టరు లేకుండా వైద్యం చేసినట్టు దరఖాస్తుదారే ఒప్పుకున్నందువల్ల పేరు నమోదు కుదరదని అందులో ఉంది. మావయ్య కాగితం కేసి చూడలేదు, నా మొహం కేసి చూస్తున్నాడు.

“ఏటి రాసేరు?”

“గడువు దాటిపోనాదట,” అన్నాను. అంత పొట్టి అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.

ఆయన కాసేపు గోళ్లు చూసుకున్నాడు. “నాదేరా తప్పు. మాడుగుల పెళ్లికెళ్లి మూడ్రోజులుండిపోనాను. లేకపోతే ముందే పెట్టేద్దుము.”

డాక్టరుగారికి కొత్త మనిషిని పెట్టుకోక తప్పలేదు. మావయ్యని పొమ్మనలేక, రోగుల పేర్లు పిలిచే పని ఇచ్చారు. పాత ముసలమ్మలు సీసా తెచ్చి, “నువ్వే కలిపియ్యి బాబూ,” అనేవారు.

“నాను ముట్టుకోకూడదమ్మా. గడువు దాటబెట్టేసుకున్నాను.” నేను పక్కనుంటే నా భుజం మీద చెయ్యి వేసేవాడు. “పాపం, మా మేనల్లుడు శానా కష్టపడి రాసేడు.”

పోయేదాకా అలాగే చెప్పాడు. నేను చెప్పనిచ్చాను.