మా అత్తగారి షుగరు, నా వంట

ఎనభైల చివర్లో మేం కంచరపాలెంలో ఉండేవాళ్ళం. మా ఆయనకు పోర్టులో ఉద్యోగం. మా అత్తగారికి షుగరు, అది చాలదన్నట్టు రెండు కళ్ళకూ శుక్లాలు. నాకు కూతురు పుట్టేనాటికే ఆవిడ చూపు బాగా మసకబారింది. మనవరాలి బుగ్గలు తడిమి మురిసిపోవడమే తప్ప మొహం సరిగా చూసింది లేదు. షుగరు దిగితేగాని ఆపరేషన్ చెయ్యనని కళ్ళ డాక్టరు తేల్చి చెప్పాడు.

ఇక వంటింట్లో నా తిప్పలు మొదలయ్యాయి. చోడి అంబలి, అదే రాగి జావ, కాకరకాయ, మెంతులు. కాఫీలో పంచదార బంద్. ఆవిడా, పాపం, గొణుక్కుంటూనే అన్నీ తినేది, మందులూ మానకుండా వేసుకునేది. అయినా పరగడుపు రక్తపరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ షుగరు ఎక్కువే. ఆపరేషన్ మళ్ళీ వాయిదా.

"మా కోడలు ఏటి కలిపి వండేత్తందో!" అని పక్కింటావిడతో అనేది, నాకు వినబడేలాగే. ఒళ్ళు మండిపోయేది. వండేదీ నేనే, నోరు కట్టుకోమని బతిమాలేదీ నేనే, మాట పడేదీ నేనే.

చివరికి షుగరు డాక్టరు అప్పుడే కొత్తగా వచ్చిన పరీక్ష ఒకటి రాశాడు. రక్తం మద్రాసు పంపాలట. ఆ రోజు సంగతి కాదు, గడిచిన రెండు మూడు నెలలుగా ఒంట్లో చక్కెర ఎలా ఉందో చెప్పేస్తుందట. ఫలితం వచ్చేదాకా నాకు గుండె దడే. రక్తం ఆవిడది, మార్కులు నా వంటకి!

ఫలితం బాగుంది. డాక్టరు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని తల గోక్కున్నాడు.

"మూడు నెలలూ బాగుండి, పరీక్షకొచ్చిన పూటే ఎలా పెరుగుతోందమ్మా? ఏమైనా తిని వస్తున్నావా?"

"అయ్యో, ఏటీ తిన్నేదు బాబూ. ఉపాసం."

"అసలేమీ తినలేదా?"

"అన్నం ముట్టనేదు. పూజ సేసుకుని రెండు అరిటిపళ్ళు, గళాసుడు పాలు, బెల్లం ముక్క. అంతే. ఉపాసమన్నాక పలారం తీసుకోవాలి గదేటి?"

నేను మా ఆయన క్యారేజీ సర్దే హడావిడిలో ఉండగా పూజగదిలో జరుగుతున్న భాగోతం ఇదన్నమాట. ఆసుపత్రని కూడా చూడకుండా పగలబడి నవ్వాను. డాక్టరూ నవ్వాపుకోలేకపోయాడు.

తర్వాతి పరీక్ష రోజు పూజగది గుమ్మంలో నేనే కాపలా.

"పలారం నేని ఉపాసం ఏ దేవుడికే?" అని బస్సు దిగేదాకా సణుగుతూనే ఉంది. ఈసారి షుగరు దిగింది. ఆపరేషన్ అయింది.

దళసరి కళ్ళద్దాలు వచ్చిన రోజు, మనవరాల్ని గుమ్మంలో వెలుతురుకి నిలబెట్టి, గడ్డం పట్టుకుని చూసింది.

"ఓలమ్మా, అచ్చం నీ మొగమేనే ఇది. మావోల పోలిక ఒక్కటీ నేదు."

ఇంకేముంది, మళ్ళీ నా మీదికే వచ్చిందని నేను తగువుకి సిద్ధమయ్యాను. ఆవిడ పాపకి దిష్టి తీసి మెటికలు విరిచింది. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని, నా మొహం కూడా అలాగే పట్టుకుని చూసి, నాకూ విరిచింది. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు.