మూడో చాంబరు మిర్చి, హెడర్‌లో ఒక్క లైను

2023 ఎండాకాలం. గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో, మిర్చి ఘాటుకి తుమ్ముతూ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అక్కడి చల్లదనాన్ని చూసుకునే బోర్డూ, అందులో నడిచే, సీ భాషలో రాసిన ప్రోగ్రామూ మా చిన్న కంపెనీవే. మూడో చాంబరు ఉండుండి వేడెక్కుతోంది, అయినా కంప్రెసర్ ఆన్ కావడం లేదు. వేడికి మిర్చి రంగు పోతే రైతుకి రేటు రాదు.

"సాయంత్రంలోగా బాగవకపోతే మీ బోర్డు పీకేస్తానండి. రైతులకి సమాధానం చెప్పలేక చస్తన్నా," అన్నాడు మేనేజరు.

"సెన్సార్ పోయిందండీ, అంతే!" అని అరిచాను. హైదరాబాద్‌లో పెరిగిన నాకు ఓపిక తక్కువ. అప్పటికే ఫోన్లో కొత్త సెన్సార్ వెతుకుతున్నాను.

నాతో వచ్చిన మా సీనియర్ మస్తాన్‌వలి గారిది ఆ పక్కనే ఉన్న పెదకాకాని. "ఆ ఫోను పక్కన పెట్టమ్మా. సెన్సార్ ఎక్కడికీ పారిపోదులే," అని కోడ్ తెరిచారు.

ప్రోగ్రాములో ఒక్కో పని చేసే ముక్క ఫంక్షన్. అలాంటి ఒక ఫంక్షన్‌కి ఏమేం ఇచ్చి పిలవాలో చెప్పే లైన్ని డిక్లరేషన్ అంటాం. అన్ని ఫైళ్ళూ కలిసి వాడుకునేలా దాన్ని హెడర్ అనే ఉమ్మడి ఫైల్‌లో పెడతాం. మాలో కొందరం బద్ధకించి, హెడర్ చేర్చకుండా ఆ లైన్నే మా ఫైళ్ళలోకి కాపీ చేసుకునేవాళ్ళం. ఆయన ఆ కాపీలన్నీ ఒక్కొక్కటే తీసేసి, ప్రతి ఫైల్లోనూ హెడర్ చేర్చుకుంటూ పోయారు.

"ఇప్పుడా సార్ ఈ సర్దుళ్ళు?"

"కంపైలర్ని అరవనీ. అది నీ కంటే గట్టిగా అరుస్తుంది, చూడు."

కోడ్‌ని బోర్డుకి అర్థమయ్యేలా మార్చే ఆ కంపైలర్, తప్పు చూపిస్తూ అరిచింది. ఉష్ణోగ్రత చదివే ఫంక్షన్‌కి మొదట్లో చాంబరు నంబరు ఒక్కటే ఇచ్చేవాళ్ళం. తర్వాత సెన్సార్ నంబరు కూడా ఇవ్వాలని మార్చాం. కంప్రెసర్ ఫైల్లో మాత్రం పాత కాపీయే ఉండిపోయింది. రెండో నంబరు అందక, మెమొరీలో ఆ చోట ఏ చెత్త అంకె మిగిలుంటే అదే సెన్సార్ నంబరు అనుకునేది ప్రోగ్రాము. ఒక్కోసారి ఫ్యాన్ పక్కనున్న చల్లటి సెన్సార్నే చదివి, చాంబరంతా చల్లగానే ఉందనుకుని కంప్రెసర్‌ని ఆన్ చేసేది కాదు.

ఏ లైను ఎవరు రాశారో చూపే పట్టీ కూడా స్క్రీన్ మీదే ఉంది. ఆ పాత కాపీ పక్కన నా పేరు. ఆయన చూశారు. ఆ పట్టీ మూసేశారు. రెండో నంబరు చేర్చి ప్రోగ్రామ్‌ని బోర్డులోకి ఎక్కించారు. కాసేపటికి కంప్రెసర్ గుర్రుమంది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఇంతకీ ఎవరి తప్పండీ?"

"మాదేనండి," అన్నారు మస్తాన్‌వలి గారు.

ఆ తర్వాత నేను డిక్లరేషన్ ఒక్కటీ కాపీ చేయలేదు. కోపమొస్తే ముందు నా పేరున్న లైన్లే తెరుస్తున్నాను. ఆయనలా "మాదే" అనడం మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.