చోడవరం కంటి శిబిరంలో మా పెద్దమ్మ పాసైంది

చోడవరంలో ఉచిత కంటి శిబిరం పెడుతున్నారని తెలిసి, మా పెద్దమ్మని తీసుకెళ్లడానికి అనకాపల్లి నుంచి ముందురోజే ఆవిడ ఉండే వడ్డాది చేరాను. ఆవిడ కుడికన్ను ఎప్పుడో మసకబారింది. ఇప్పుడు ఎడమది కూడా పోతోంది. మొన్న చూడక కత్తిపీట మీద చెయ్యేసి మూడు కుట్లు వేయించుకుంది. ఒంటరి మనిషి. ఇంకా ఆలస్యమైతే వంట కూడా చేసుకోలేదు.

ఏడుంపావు బస్సు ఎనిమిదికి వచ్చింది. ఆడవాళ్లకి టికెట్టు ఉచితమే, ఆధార్ చూపించాలి. పెద్దమ్మ కార్డు కవర్లో, కవరు రుమాల్లో, రుమాలు సంచి అడుగున!

"నువ్వది తీసేలోపు సోడవరం వచ్చేస్తాది మామ్మా," అన్నాడు కండక్టరు.

శిబిరం ఒక బడిలో. తొమ్మిదికే వరస గేటు దాటిపోయింది. వెళ్లేవాళ్లకో మాట, ఆధార్ జిరాక్సులు ఇంటి దగ్గరే తీయించుకోండి. ఆపరేషన్‌కి రాస్తే అవి కావాలన్నారు. చూస్తే ఆ వీధిలో కరెంటు లేదు. పెద్దమ్మని వరసలో నిలబెట్టి మెయిన్‌రోడ్డంతా తిరిగాను.

పదకొండున్నరకి జిరాక్సులతో వచ్చేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని నిమ్మళంగా ఉప్మా తింటోంది. చేతిలో చీటీ: 'చూపు బాగుంది.'

నాకు ఒళ్లు మండిపోయింది. బాగుండటమేమిటి, చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే! నేరుగా చూపు పరీక్షించే బల్ల దగ్గరికి వెళ్లాను.

"ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ల గుర్తు చూపించి, కాళ్లు ఎటున్నాయని అడిగేనండి. మామ్మగారు ఒక్కటీ తప్పలేదు," అంది అక్కడి అమ్మాయి. ఆపరేషన్ వాళ్లని విశాఖ తీసుకెళ్లే బస్సు రెండింటికి. మళ్లీ శిబిరం ఎప్పుడో ఆమెకీ తెలీదు.

పెద్దమ్మ వైపు తిరిగాను. "నిజం చెప్పు, నీకు కనబడిందా?"

"ఏటి కనబడ్డం? నా ముందర ముసలాయన సెప్పినవి ఇన్నాను. పైకి, కిందకి, కుడి, పైకి, ఎడం. నోట్లో అనుకుంటా వచ్చి గడగడా సెప్పేసేను."

"ఎందుకు చెప్పావే తల్లీ!" బడంతా వినబడేలా అరిచాను.

"అరవకే గుంటా. ఏలిముద్ర పడలేదని బియ్యానికి నన్ను ఎన్నిసార్లు తిప్పేరు? మరి ఇవి తప్పితే ఆపరేషన్ సేస్తారేటి?"

ఆ అమ్మాయి లేచి, పెద్దమ్మని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. వేరే చార్టు తగిలించింది. "మామ్మా, కనబడకపోతే కనబడతల్లేదని సెప్పండి. ఎవరూ ఏటీ అనరు."

పెద్దమ్మ నా వైపు చూసింది. దొంగతనం ఒప్పుకున్నట్టు నెమ్మదిగా అంది, "కనబడతల్లేదమ్మా."

డాక్టరుగారు టార్చి వేసి చూసి రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నారు. ముందు ఒక కంటికి చేసి, మూడోరోజు ఇక్కడే దింపుతారట. తోడు రానివ్వలేదు. రెండున్నరకి బస్సు కదిలింది.

మూడింటికి నేను అనకాపల్లి బస్సెక్కాను. సీటు దొరకలేదు. పొద్దున్నుంచి బస్సు మీదా, కరెంటు మీదా, ఆ అమ్మాయి మీదా, అందరికన్నా ఎక్కువగా పెద్దమ్మ మీదా చిరాకు పడ్డాను. ఆవిడ ఇన్నేళ్లలో ఏ బల్ల ముందు నిలబడినా, ఏదో ఒకటి సరిగా లేదని వెనక్కే పంపారు. కనబడటం లేదని చెప్పుకుంటే సాయం చేసే చోటు కూడా ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పక్కనే కూర్చుని వచ్చిన నేను కూడా చెప్పలేదు.