గొడ్డుపూత

తిరుపతిలో మేము అద్దెకున్న ఇంటి చుట్టూ అన్నీ లాడ్జీలే. వాటి నీళ్లట్యాంకుల నడుమకు తేనెటీగలు వస్తాయా అన్న అనుమానంతోనే మిద్దె మీద తోట మొదలుపెట్టాను. అవి రావడానికి తులసి ఒక్కటుంటే చాలునని ఎవరో అన్నారు. కళ్లతో చూడనిదే ఏదీ ఒప్పుకోని జంతుశాస్త్ర అధ్యాపకురాలిని కనుక తులసితోపాటు సబ్జా, బంతి, కాకర, గుమ్మడి కూడా పెట్టి, ఏ నెలలోనైనా ఏదో ఒకటి పూసేలా చూశాను. తేనెటీగలు వచ్చాయి. గుమ్మడిపిందెలు మాత్రం పసుపుబారి రాలిపోతూనే ఉండేవి.

పెళ్లయి ఏళ్లు గడిచినా మాకు పిల్లలు లేరు. డాక్టరమ్మ నన్ను పరీక్షించి, నాలో లోపమేదీ కనబడలేదని చెప్పి, మావారిని తీసుకురమ్మంది. ఆయన ప్రతిసారీ ఏదో పని చెప్పి తప్పుకునేవారు. పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చి మాతో ఉంటున్న అత్తగారు మొక్కులన్నీ నా పేరనే మొక్కేవారు.

ఒక తెల్లవారుజామున మిద్దెక్కేసరికి అత్తగారి కొంగునిండా గుమ్మడిపూలు. ఏమిటని అడిగాను.

"గొడ్డుపూతమ్మా. కాసేది ల్యా, పెట్టేది ల్యా, ఊరికే తీగ సత్తువ తింటాది. మా సేన్లో గిల్లి పారేస్తాం."

చేలో అయితే పక్క తీగల పూలు ఆదుకుంటాయి. మిద్దె మీద ఉన్నది ఒక్క తీగ.

"ఇవి గొడ్డువి కావత్తా, మగపూలు. ఈ పొడిని తేనెటీగ మోసుకెళ్తేనే పిందె నిలుస్తుంది."

ఆమె నమ్మలేదు. నమ్మమని నేనూ అనలేదు. గిల్లడం ఆపించి, విచ్చబోయే ఆడపూలు కొన్నింటికి తేనెటీగ వాలకుండా పల్చటి గుడ్డ కట్టాను. గుడ్డ కట్టినవి రాలాయి. కట్టనివాటిలో చాలావరకు నిలిచి ఊరాయి. అత్తగారు రోజూ వచ్చి, వంగి, వాటిని తాకకుండా చూసి వెళ్లేవారు.

ఆ ఆదివారం మావారు కాఫీగ్లాసుతో మిద్దెక్కారు. అత్తగారు తీగ వైపే చూస్తూ అన్నారు:

"పిందెలో ఏ దోసమూ లేదంటరా. డాక్టరమ్మ దెగ్గిరికి నువ్వెప్పుడు పోతావు?"

"తీగకూ మనిషికీ పోలికేంది మా?"

ఆ మాట శాస్త్రరీత్యా సరైనదే. గుమ్మడితీగ మనుషుల గురించి ఏమీ రుజువు చేయదు. అందుకే కదా పరీక్ష అవసరమైంది. నేను నోరు తెరిచేలోగా ఆయన గ్లాసు పిట్టగోడ మీద పెట్టి కిందికి దిగిపోయారు.

మొదటి కాయ కోసి పులుసు పెట్టిననాడు చిత్తూరు నుంచి బంధువులొచ్చారు. భోజనాల దగ్గర ఒకావిడ నన్ను చూస్తూ, ఏదో గుడిలో నిద్ర చేయిస్తే మంచిదని మొదలుపెట్టింది. అత్తగారు గరిటె ఆపారు.

"దాన్ని అడగొద్దు. వాణ్ణి అడుగు."

మావారు సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచి చేయి కడుక్కున్నారు. ఆ ఏడాది ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. మిద్దె మీదికీ రాలేదు.