సీదా పక్క బ్రేకు

మా ఉస్తాద్‌కి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఒమన్‌లో నిజ్వా ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడి ఒంటి మీదా ఆయన గుర్తు ఏదో ఒకటి ఉంటుంది. నా మోచేతి మీదున్న మచ్చ పానా విసిరినప్పటిది. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ, నాది జగిత్యాల పక్కన పల్లె. ఒకటే గ్యారేజీ, ఒకటే రూమ్, ఒకటే స్టవ్వు. అలాగని నేనేమీ సాధువుని కాదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. సైట్‌లో సూపర్‌వైజర్ మీదికి పార ఎత్తినందుకే కట్టుబడి పని పోయి ఇక్కడికొచ్చి పడ్డాను. మేమిద్దరం తిట్టుకోకుండా గడిచిన పూట లేదు.

ఆ కారు నిజ్వాలోనే ఉండే ఒక ఒమానీ కుర్రాడిది. షోరూమ్‌లో కొన్నది కాదు. విడి భాగాలను పెట్టెల్లో తెప్పించుకుని, వాళ్ల ఖర్జూరం తోటలో షెడ్డు వేసి తనే బిగించుకున్నాడు. దానికి తలుపుల్లేవు, పైకప్పు లేదు, ఒళ్లంతా ఫైబర్. సీట్లో కూర్చుంటే పీట మీద కూర్చున్నట్టే ఉంటుంది. దానితో వచ్చిన బ్రేకులు నచ్చక వేరే కంపెనీవి, ఎర్రరంగు కాలిపర్లు తెప్పించాడు. కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు వైపులా కరిచి పట్టుకుని ఆపే దవడ. వాటిని ముందు చక్రాలకు బిగించమని కారుని లారీ మీద ఎక్కించి మా దగ్గరికి తెచ్చాడు.

ఎండాకాలం, రేకుల కింద పని. పాత బోల్టులు కదలనంటే కదలనన్నాయి. ఉస్తాద్ వాటి అమ్మనీ అక్కనీ తిడుతూ సుత్తితో బాదాడు. పానాకి ఇనుప గొట్టం తొడిగి ఇద్దరం దాని మీద వేలాడాం. ఒక బోల్టు ఉన్నట్టుండి వదిలేసరికి నా పిడికిలి వెళ్లి చాసిస్‌కి గుద్దుకుంది, కణుపుల మీద తోలు లేచిపోయింది. తుడుచుకోమని ఉస్తాద్ నూనె గుడ్డ నా మొహాన కొట్టాడు. ఏ కారుకైనా పనికొస్తాయని చెప్పి అమ్మే సామాను ఏ కారుకీ సరిగ్గా అతకదు. పళ్లెం దవడ నడిమధ్యన తిరగాలి. వెంట్రుకంత పక్కకు జరిగినా రాసుకుని కాలిపోతుంది. అందుకని పలచటి వాషర్లు పెడుతూ తీస్తూ, ఆకురాయితో అంచులు అరగదీస్తూ పొద్దంతా దానితో కుస్తీ పట్టాం.

మధ్యాహ్నం నమాజుకు టైమైంది. కాలిపర్లు రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి, ఇదేనా ముందు పెట్టేది అని అడిగాను. ఉస్తాద్ కాళ్లు కడుక్కుంటూ తిరిగి చూసి, "వో సీదా హై. సీదా లగా" అని చెప్పి మసీదుకు వెళ్లిపోయాడు. మంచిదే, వంకర లేకుండా బిగించు అన్నాడనుకున్నాను. నేను ఎడమ పక్క కూర్చుని ఉన్నాను కాబట్టి అది ఎడమ చక్రానికి బిగించాను. రెండోది కుడి చక్రానికి పోయింది. పుట్టి బుద్ధెరిగాక ఏ పనీ అంత తిన్నగా చేసి ఎరగను.

ఆయన తిరిగొచ్చి చక్రం తిప్పి చూసి, పర్లేదన్నట్టు ఒక ఊఁ కొట్టాడు. అదే మా దగ్గర మెచ్చుకోలు. తర్వాత బ్రేకు నూనె పైపుల్లో గాలి తీశాం, గాలి మిగిలితే బ్రేకు పడదు. ఆయన సీట్లో కూర్చుని పెడల్ తొక్కాడు, నేను కింద పడుకుని స్క్రూ వదిలి బిగించాను. బుడగలు ఆగిపోయాయి. పెడల్ గట్టిపడిందన్నాడు. కస్టమర్‌కి ఫోన్ చేసి రమ్మన్నాడు.

ఆ లోపల సీటు కింద చెత్త తుడుద్దామని కూర్చుని, ఊరికే పెడల్ మీద కాలు పెట్టాను. నేల దాకా పోయింది. నాలుగుసార్లు గబగబా తొక్కితే గట్టిపడింది. కాసేపాగి మళ్లీ తొక్కితే మళ్లీ నేలకే. దిగి చక్రం దగ్గర వంగి చూశాను. గాలి ఎప్పుడూ నూనెకు పైకే తేలుతుంది, అందుకే అది వదిలే స్క్రూ దవడకు పైన ఉంటుంది. మా రెండు స్క్రూలూ కిందికి వేలాడుతున్నాయి. గాలంతా పైన అలాగే ఉండిపోయింది.

అప్పటికే ఆ కుర్రాడు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. వాళ్లు ఫోన్లు తీసి కారు చుట్టూ తిరుగుతున్నారు. ఉస్తాద్ దగ్గరికి వెళ్లి మెల్లగానే చెప్పాను, స్క్రూలు కిందికి ఉన్నాయి, బ్రేకు పడదు అని. చెంప పగిలింది. నాకే నేర్పిస్తున్నావా అన్నాడు. ఆ దెబ్బకు కాదు గానీ, వాళ్లు నవ్వినందుకు ఒళ్లు మండి కాలర్ పట్టుకున్నాను. ఇద్దరం నూనె నేల మీద పడి దొర్లాం. ఆయన తలతో నా మూతి మీద గుద్దాడు, పెదవి చిట్లింది. నేను మోకాలితో కడుపులో పొడిచాను. కిందపడి కూడా ఆయన తన కుడి చెయ్యి నా మొహం ముందు ఆడిస్తూ, "సీదా బోలా థా మై, సీదా!" అని అరుస్తున్నాడు. అప్పుడు తెలిసింది. ఆయన భాషలో సీదా చెయ్యి అంటే కుడి చెయ్యి. అది కుడి పక్కది, కుడి పక్కన పెట్టు అన్నాడు. నేను రెండూ తారుమారు చేశాను, అందుకే స్క్రూలు కిందికొచ్చాయి. మా ఊళ్లో సీదా పో అంటే తిన్నగా పో అని. తప్పు నాదని ఇప్పటికీ ఒప్పుకోను.

కుర్రాళ్లు మమ్మల్ని విడదీశారు. అంతటితో ఆగినా బాగుండేది. కానీ నలుగురిలో మీసానికి దుమ్మంటిన మనిషికి బుద్ధి ఎక్కడుంటుంది. ఉస్తాద్ చొక్కా దులుపుకుని, తనే నడిపి చూపిస్తానని కారెక్కాడు. పెడల్ గబగబా తొక్కి, చూడండి గట్టిగానే ఉందన్నాడు. మా గేటు దాటగానే దారి వాలుగా దిగి పెద్దరోడ్డులో కలుస్తుంది. అక్కడ నీళ్ల ట్యాంకర్లు, కంకర లారీలు సందు లేకుండా పోతుంటాయి. ఆ కారు లారీ చక్రమంత ఎత్తు కూడా ఉండదు. నాకు భయమేసింది. అంత భయం మా నాయనకు జ్వరమొచ్చినప్పుడు కూడా వెయ్యలేదు. వద్దని అరిచాను. ఆయన ఇంజన్ స్టార్ట్ చేసి నా మాట దాని మోతలో ముంచేశాడు.

చక్రాల పానా అందుకుని అవతలి పక్కకు ఉరికాను. ఆయన కుడి చెయ్యి గేరు మీద ఉంది. బలం కొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు ఆ ఇంజన్ మోతలోనూ నాకు వినబడింది. ఆయన కాళ్లు పెడళ్ల మీంచి లేచిపోయాయి, క్లచ్ వదిలేసరికి కారు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. ఆయన గొంతులోంచి వచ్చిన కేకను ఎలా చెప్పాలో నాకు తెలియదు.

కుర్రాడు నా మెడ పట్టుకున్నాడు. విడిపించుకుని, అతని చొక్కా పట్టి ఈడ్చుకెళ్లి, ఉస్తాద్‌ని దించి అతన్ని సీట్లో కుదేశాను. తొక్కమన్నాను. మెల్లగా, ఒక్కసారి. అతని కాలు కిందికి పోతూ పోతూ నేలను తాకింది. "మాఫీ బ్రేక్" అన్నాడు. అరబ్బీలో మాఫీ అంటే లేదు అని, క్షమించమనే మన మాఫీ కాదు. ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి.

ఆస్పత్రిలో అడిగితే జాకీ జారి మీద పడిందని చెప్పాడు ఉస్తాద్. నా వైపు చూడలేదు. నిజం చెబితే నన్ను జైల్లో పెట్టి, ఆనక విమానం ఎక్కించేవాళ్లు. మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా పిండికట్టు కట్టారు. దారి పొడుగునా ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నాకు అదే భరించడం కష్టమైంది.

రూమ్‌కి వచ్చాక అన్నం, పప్పు వండి పళ్లెం ముందు పెట్టాను. ఎడమ చేత్తో అన్నం ముట్టడు, ఆయనకు అది కూడదు. పక్క రూమ్ వాళ్లు చెంచా తెచ్చి ఆ చేతిలోనే పెట్టబోతే, లాక్కుని గోడకేసి కొట్టాడు. వాళ్లు వెళ్లిపోయారు. నేను చేతులు కడుక్కొచ్చి, ముద్ద కలిపి, ఆయన నోటి దగ్గర పట్టుకున్నాను.

నా కళ్లలోకి చూస్తూ నోరు తెరిచి, ముద్దతో పాటు నా వేళ్లనీ కొరికాడు. ఉత్తుత్తిగా కాదు, రక్తం వచ్చేలా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి మాత్రం లాక్కోలేదు. చాలాసేపటికి వదిలి, నెమ్మదిగా నమిలి మింగాడు.

"నువ్వు కొట్టకపోతే నేను సచ్చిపోతుంటి గదా," అన్నాడు.

"అవును ఉస్తాద్," అన్నాను.

"పప్పుల ఉప్పు లేదు," అని మళ్లీ నోరు తెరిచాడు.