దీపం పిల్ల మీద తీర్పు

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ఇరవై ఏళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్న మనిషి అతను. దుకాణంలో అందరూ అద్దాలాయన అంటారు. ఉండేది అక్కా బావల ఇంట్లో. నలభై నాలుగేళ్ళు వచ్చినా పెళ్ళి మాటెత్తితే నవ్వేసి పక్క గదిలోకి తప్పుకుంటాడు. అలాంటివాడికి ఈ వయసులో యానిమే పిచ్చి, అంటే జపాను బొమ్మల సీరియళ్ళ పిచ్చి పట్టింది. బొమ్మలు చూస్తూ కళ్ళు తుడుచుకునే తమ్ముణ్ణి చూసి అక్క కడుపుబ్బ నవ్వింది.

ఆ పిచ్చి అంటించింది మేనకోడలు గువ్వ. పదిహేడేళ్ళ పిల్ల, కాలేజీలో చదువుతోంది. గువ్వ అన్నది ముద్దుపేరు. అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుంటుంది.

వాళ్ళిద్దరూ చూస్తున్న కథలో సముద్రం మధ్య ఒక రాతిదిబ్బ, దాని మీద లైట్‌హౌస్. అందులో దీపం వెలిగించే పిల్ల ఒక్కతే ఉంటుంది. రోజూ రేడియోలో ఒక గొంతు ఆమెను పలకరిస్తుంది. ఆ గొంతు సముద్రంలో మునిగిపోయిన అన్నదా, లేక ఆ పిల్ల తనతో తానే మాట్లాడుకుంటోందా? మొత్తం ఇరవై ఆరు భాగాలు. ఇరవై నాలుగు చూసినా ఆ సంగతి తేలలేదు. మొదటి భాగంలో లైట్‌హౌస్ గాజును దగ్గరగా చూపించారు. దాని వలయాలన్నీ ఎక్కడికక్కడ సరిగ్గా గీసి ఉన్నాయి. గాజు గురించి తెలిసినవాళ్ళెవరో గీశారని అద్దాలాయన అప్పుడే మురిసిపోయాడు. ఆ తర్వాత దీపం పిల్ల అతని బుర్రలో మకాం పెట్టేసింది. వెలిగించని రోజున కూడా గాజెందుకు తుడుస్తుంది? గొంతు తన పేరు అడిగితే ఎందుకు చెప్పదు? మిషను మీద అద్దం తిరుగుతున్నంతసేపూ ఇవే ఆలోచనలు.

మేనమామా మేనకోడలూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఒక్క భాగమే చూడాలి. అయ్యాక ఇద్దరూ చెరొక వాక్యంలో తీర్పు చెప్పాలి. ఒకరి తీర్పుకి ఇంకొకరు అడ్డు చెప్పకూడదు. వాదన ఏదైనా ఉంటే వచ్చే ఆదివారమే. ఇంత కట్టుదిట్టంగా కోర్టులైనా నడుస్తాయో లేదో నాకు అనుమానమే.

ఇరవై నాలుగో భాగం చూసిన మరుసటి ఆదివారం గువ్వ రాలేదు. తలనొప్పి అంది. ఆపై ఆదివారం పరీక్షలంది. మూడో ఆదివారం అసలు పలకలేదు, తలుపు మూసే ఉంది. అతనికి ఏమీ అంతుపట్టలేదు. తనేమైనా అన్నాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాదు. అక్కనడిగితే ఈ వయసు పిల్లలంతేనని తేల్చేసింది. ఆసుపత్రిలో రోజంతా రోగుల్ని చూసి వచ్చే నర్సు ఆవిడ, ఇంట్లో చిన్న తలనొప్పులు లెక్కలోకి రావు. మిగిలిన రెండు భాగాలూ ఫోనులోనే ఉన్నాయి, వేలు తగిలిస్తే చాలు. గువ్వ పక్కన లేకుండా చూడటానికి అతనికి మనసొప్పలేదు. మేనకోడలు ఇక తనతో ఎప్పటికీ కూర్చోదేమోనన్న భయం పట్టుకుంది. ఆ ఆదివారాలు తప్ప వారంలో అతను ఎదురుచూసేది ఇంకేమీ లేదు మరి.

ఆ అయోమయంలోనే దుకాణంలో తప్పు చేశాడు. ఒక కుట్టుపనావిడ కళ్ళజోడులో కుడి అద్దం ఎడమకీ, ఎడమ అద్దం కుడికీ బిగించాడు. ఆవిడ రెండు రోజులు కళ్ళు తిరుగుతున్నా అలాగే కుట్టి, మూడోనాడు వచ్చి కళ్ళజోడు కౌంటరు మీద పెట్టింది. సూదిలోకి ఎక్కించబోతే దారం సూది పక్కనుంచి పోతోందని చెప్పింది. యజమాని పరీక్షించి చూశాడు. ఇరవై ఏళ్ళలో ఇలాంటిది ఇదే మొదలు. తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు, భుజం తట్టి, ఈ పూటకి ఇంటికి వెళ్ళి పడుకోమన్నాడు. అద్దాలాయనకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. గుమ్మంలో గువ్వ చెప్పులున్నాయి. కాలేజీ వదిలే వేళ ఇంకా కాలేదు. గది తలుపు ఓరగా తెరిచి ఉంది. గువ్వ మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఒంటి మీద కాలేజీ బట్టలున్నాయి. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోది చేతిలో ఉంది. పొద్దున ఎనిమిదింటికి తల్లీ తండ్రీ పనికి వెళ్ళినప్పటి నుంచీ అలాగే ఉందని అతనికి తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. లేవలేకపోయాను, అంతే."

"ఇవాళ ఒక్కరోజేనా?"

గువ్వ అతని వంక చూడలేదు. "నాటకంలే మావయ్యా. లేవాలనుకున్నవాళ్ళు లేస్తారుగా."

ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడు. విన్నది కాదు, అన్నది. ఇరవై నాలుగో భాగంలో దీపం పిల్ల తొమ్మిది రోజులు పక్క మీద నుంచి లేవదు. దీపం వెలగదు. చీకట్లో ఒక ఓడ దారి తప్పిపోతుంది. అది చూసి తను చెప్పిన తీర్పు ఇదే, అక్షరం పొల్లుపోకుండా. గువ్వ ఆ రోజు తన తీర్పు చెప్పనేలేదు, తర్వాత చెబుతానంది. అడ్డు చెప్పకూడదన్న పద్ధతి పెట్టుకున్నారు కనక నోరు మూసుకుని లేచి వెళ్ళింది.

"ఆ రోజు నీకు చెబుదామనుకున్నాను," అంది గువ్వ. "మా అమ్మకి చెప్పే ముందు నీకు. ఆ పిల్ల సంగతి మాట్లాడుతూ నా సంగతి కూడా చెప్పేద్దామనుకున్నాను. నువ్వు ముందే తీర్పు చెప్పేశావు."

బొమ్మల్లో పిల్లని అన్నాను కానీ నిన్ను కాదుగా అనబోయి మానేశాడు, ఆ మాట తనకే సిగ్గుగా అనిపించింది. నేల మీద చతికిలబడి మంచానికి ఆనుకున్నాడు. నిజానికి దీపం పిల్లంటే అతనికి ప్రాణం. అంత ఇష్టమైనదాన్ని అంత మాటెందుకన్నాడు? ఇన్నాళ్ళూ దీపం పిల్ల మనసు చిక్కులన్నీ విప్పుతూ కూర్చున్నవాడికి ఈ ఒక్క చిక్కు కొస దొరకలేదు. దొరకకుండానే నోరు తెరిచాడు.

"నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు ఒక ఏడాది అలాగే ఉండేది. పొద్దున్నే లేవాలంటే ఏడుపొచ్చేది. అయినా లేచేవాణ్ణి, బస్సెక్కేవాణ్ణి. అద్దాలు బిగిస్తుంటే చేతులు నావి కానట్టుండేవి. నేను లేచానుగా, ఆ దీపం పిల్ల లేవడానికేం అనిపించినట్టుంది. కోపమొచ్చింది. ఆ సంగతి ఇప్పటిదాకా నాకే తెలీదు."

గువ్వ లేచి కూర్చుంది. ఎవరికైనా చెప్పావా అని అడిగింది. లేదన్నాడు.

"మరి ఎలా తగ్గింది?"

"ఏమో. తగ్గిందో లేదో కూడా సరిగ్గా చెప్పలేను."

ఇంకెవరైనా అయితే ధైర్యం చెప్పేవారు. ఇతను ఉన్నదున్నట్టు చెప్పేసి, తప్పు మాట్లాడానేమోనని బిక్కమొహం వేసుకున్నాడు. గువ్వ మాత్రం చేతిలో మేజోడు పక్కన పడేసి, మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చింది. అతను లేచి కూర్చున్నాడు.

"అమ్మకి చెప్పాలి," అంది.

"చెప్పు. నేను పక్కనే ఉంటాను."

"నాది ఒక్కటే చెబితే కుదరదు మావయ్యా."

నలభై నాలుగేళ్ళ మనిషి, అక్కంటే ఇప్పటికీ భయం. తెలియని భాషలో మాట్లాడే బొమ్మల బాధ గంటలు గంటలు చెప్పగలడు, తన బాధ ఒక్క ముక్క చెప్పడం చేతకాదు. సరేననాలో వద్దనాలో తేల్చుకోకముందే వీధి తలుపు చప్పుడైంది.

అక్క డ్యూటీ బట్టల్లోనే గుమ్మం దాకా వచ్చి ఆగింది. పని వేళలో ఇంట్లో ఉన్న తమ్ముణ్ణి చూసింది, ఒక కాలికే మేజోడున్న కూతుర్ని చూసింది. చేతి సంచీ కింద పెట్టి, ఏమైందే అని కూతుర్ని అడిగింది.

"కూర్చో అక్కా," అన్నాడు తమ్ముడు. "ముందు నా సంగతి విను."